కొత్తగా ప్రొబేషన్ అధికారి అవుతున్న అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీకు ప్రొబేషన్ అధికారిగా ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోను చేసి చెప్పినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. నేను చేసి విరమించిన పనిలోకి మన ఇంటి పిల్ల వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. కోర్టు దోషులన్నవాళ్ల ఇళ్లకు ఆడపిల్ల ఒంటరిగా ఎలా వెళుతుందని మీ అమ్మ బెంగ పెట్టుకుందట. ఆ సంగతి కింద రాస్తాను. నువ్వు అడిగిన ప్రశ్న మాత్రం ఫోనులో తేలేది కాదు. "చట్టంలో పర్యవేక్షణ అనే మాట ఉంది పెదనాన్నా, అది ఎలా చేయాలో మాత్రం లేదు" అన్నావు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం. తీరిగ్గా చదువుకో.

ఒక్క మాట ముందే చెబుతాను. కోర్టు ఒక మనిషిని జైలుకు పంపకుండా నీకు అప్పగించిందంటే, అతన్ని అతని ఇంట్లో, అతని పనిలో నిలబెట్టమని అర్థం. నువ్వు చేసే ప్రతి పనినీ దీంతోనే తూచుకో. నువ్వు వచ్చి వెళ్లినందువల్ల అతని కూలి పని పోయినా, అద్దె ఇల్లు ఖాళీ చేయమన్నా, నీ డైరీ ఎంత నిండుగా ఉన్నా పర్యవేక్షణ జరగనట్టే.

1958 నాటి నేరస్తుల ప్రొబేషన్ చట్టంలో ఉన్నవి మొత్తం 19 సెక్షన్లే. మూడో సెక్షన్ కింద కోర్టు మందలించి పంపేస్తే అక్కడితో సరి, నీకు పని ఉండదు. నీ ఉద్యోగమంతా నాలుగో సెక్షన్ మీద నడుస్తుంది. మరణశిక్షో యావజ్జీవమో పడగల నేరం కాకపోతే, దోషి అని తేలిన మనిషికి కోర్టు వెంటనే శిక్ష వేయకుండా ఆగవచ్చు. పిలిచినప్పుడు వచ్చి శిక్షకు నిలబడతాననీ, అంతవరకూ ఏ గొడవా లేకుండా సత్ప్రవర్తనతో ఉంటాననీ బాండు రాయించుకుని వదులుతుంది. ఆ గడువు మూడేళ్లు దాటకూడదు. ఎవరైనా కనిపెట్టి ఉండాలనుకుంటే పర్యవేక్షణ ఉత్తర్వు కూడా జతచేస్తుంది. అది ఏడాదికి తగ్గకూడదు. ఆరో సెక్షన్ 21 ఏళ్లు నిండనివాళ్ల కోసం. వాళ్లను జైలుకు పంపాలంటే ఆ మనిషి విషయంలో మూడు, నాలుగు సెక్షన్లు ఎందుకు తగవో మెజిస్ట్రేట్ కారణాలు రాయాలి, అంతకుముందు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని చూడాలి. వయసు లెక్క నేరం జరిగిన రోజు నుంచి కాదు, విచారణ కోర్టు దోషిగా తేల్చి శిక్ష సంగతి చూసే రోజుకు కడతారు. వాయిదాల మీద వాయిదాలు పడి, 19 ఏళ్లప్పుడు చేసిన పనికి 22 ఏళ్లప్పుడు తీర్పు వినే కుర్రాళ్లు నీకు ఎందరో తగులుతారు. వాళ్లకు ఆరో సెక్షన్ అండ పోతుంది, నాలుగో సెక్షన్ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. ఈ తేడా తెలియక అడగడమే మానేసిన కుటుంబాలను చూశాను.

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ)లో 360వ సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 401వ సెక్షన్ వచ్చింది. అందులోనూ సత్ప్రవర్తన బాండు ఉంది కానీ ప్రొబేషన్ అధికారి ఊసే లేదు. కాబట్టి ఉత్తర్వు చేతికి రాగానే ఏ చట్టం కింద ఇచ్చారో ముందు చూడు. అలాగే ప్రొబేషన్ అందరికీ దొరకదని కూడా గుర్తుంచుకో. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద దోషిగా తేలిన మనిషికి 18 ఏళ్లు దాటి ఉంటే ఈ చట్టం వర్తించదు. గంజాయి కేసుల్లోనూ 18 దాటినవాళ్లకు, తాను తాగిన నేరం వంటి ఒకటి రెండు సెక్షన్లలో తప్ప, దారి లేదు. ఎవరి సంచో మోసి చెక్‌పోస్టులో దొరికిపోయిన కుర్రాడి తల్లి నీ కార్యాలయానికి వచ్చి కన్నీళ్లు పెట్టుకుంటుంది. ఆమెను కూర్చోబెట్టి, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును పెడతారని చెప్పి పంపు. లేని ఆశ మాత్రం పెట్టకు.

మన ఆంధ్ర జిల్లాలు మద్రాసులో ఉన్న రోజుల్లోనే 1936 నాటి మద్రాసు ప్రొబేషన్ చట్టం ఉండేది, కాబట్టి ఇది మనకు కొత్త సంగతి కాదు. ఇంకొకటి తెలిస్తే నీకు గర్వంగా ఉంటుంది. 1958 చట్టాన్ని ఎంత ఉదారంగా చదవాలో 1964లో రతన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మెజారిటీ తీర్పు రాసినవారు రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. ముద్దాయి 16 ఏళ్ల కుర్రాడు. కింది కోర్టు శిక్ష వేసిన తరవాతే ఆ జిల్లాలో చట్టం అమల్లోకి వచ్చింది. అయినా అప్పీలులో దాన్ని వర్తింపజేయవచ్చని, శిక్షను దిద్దుబాటు వైపు తిప్పడమే ఈ చట్టం ఉద్దేశమని ఆయన రాశారు. వీలు చూసుకుని ఆ తీర్పు చదువు. పని మీద విసుగు పుట్టిన రోజుల్లో నాకు అది ఊతంగా ఉండేది.

ఇక నివేదిక. నీ మాట ఒక మనిషి బతుకును మలుపు తిప్పేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మెజిస్ట్రేట్ ముందు ఆ మనిషి బోనులో నిలబడ్డ ముద్దాయిగానే కనిపిస్తాడు. అతని ఇల్లు, అమ్మానాన్నలు, పని, అప్పులు న్యాయమూర్తికి కనిపించవు. వాటిని నువ్వు చూసి వచ్చి రాయాలి. పోలీసు స్టేషన్‌లో కూర్చుని రాసిన నివేదికలు నేను ఎన్నో చూశాను. "కుటుంబం మర్యాదస్తులు, ఇరుగుపొరుగువారికి సదభిప్రాయం కలదు" అని అన్నింటిలోనూ ఒకటే వాక్యం. దాంతో ఎవరికీ ఒరిగేది లేదు. అలాగే "చెడు సావాసాలు" అని రాయకు. ఎవరితో, ఎక్కడ, ఎన్నాళ్లుగా తిరుగుతున్నాడో తెలిస్తే అది రాయి, తెలియకపోతే వదిలెయ్యి.

ఇరుగుపొరుగును "మనిషి ఎలాంటివాడు" అని అడగకు. ఆ ప్రశ్నకు కులాన్ని బట్టి, గట్టు తగాదాలను బట్టి, మొన్నటి పంచాయతీ ఎన్నికలను బట్టి జవాబు వస్తుంది. పోయిన నెల ఎక్కడ పని చేశాడు, కూలి ఎవరిచ్చారు, తల్లికి జ్వరం వస్తే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లారు, రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరతాడు అని అడుగు. ఎవరిని అడగాలో ఇంటివాళ్లే నలుగురి పేర్లు చెబుతారు. వాళ్లను అడుగు, వాళ్లు చెప్పని ఒక మనిషినీ అడుగు. ఏ పని మీద వచ్చావంటే అబద్ధం ఆడకు. కోర్టుకు కొన్ని వివరాలు కావాలని చెప్పు చాలు, ఏ కేసో, ఏ సెక్షనో చెప్పాల్సిన అవసరం నీకు లేదు.

ఊరూ పేరూ లేకుండా ఒక కేసు చెబుతాను. బైకు దొంగతనం, కుర్రాడికి ఇరవై నిండలేదు. రేకుల గది, తల్లి వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకుంది. పక్కింటాయన నన్ను చూడగానే "వాడు పుట్టుదొంగండీ" అన్నాడు. "మీరు కళ్లారా ఏం చూశారు?" అని అడిగితే, చూసిందేమీ లేదు, అందరూ అనుకుంటుంటే విన్నాడు. మాటల్లో మాటగా, తన ముసలి తల్లికి వీధి కొళాయి నుంచి రోజూ నీళ్లు మోసిచ్చేది ఆ కుర్రాడేనని ఆయనే చెప్పాడు. అక్కడి నుంచి కుర్రాడు పనిచేసే మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. యజమాని గ్రీజు మరకల నోటుపుస్తకం తీసి చూపించాడు. అందులో హాజరు గీతలు, పక్కన అప్పుడప్పుడూ "అడ్వాన్సు 200, అమ్మ మందులకు" అని రాతలు. ఎనిమిది నెలల్లో మానేసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ తేదీలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించి, కింద యజమాని చేత సంతకం పెట్టించాను. పక్కింటాయన మొదట అన్న మాటా రాశాను, తరవాత చెప్పిన మాటా రాశాను. అభిప్రాయమని నేను చేర్చింది చివర మూడు వాక్యాలు. మెజిస్ట్రేట్ ఆ హాజరు లెక్క దగ్గర ఆగి రెండుసార్లు చదివారు. కుర్రాడికి రెండేళ్ల పర్యవేక్షణ ఇచ్చారు.

పేదరికాన్ని అతనికి వ్యతిరేకంగా రాయకు. విడుదల చేయాలంటే దోషికి గాని, పూచీ ఉండేవాడికి గాని, స్థిరమైన నివాసమో క్రమమైన పనో ఉండాలని చట్టం అంటుంది. సొంత ఇల్లు ఉండాలని ఎక్కడా లేదు. అద్దె గది అయినా, మేస్త్రి కింద రోజువారీ పని అయినా దీనికి సరిపోతుందని నా అభిప్రాయం, అలాగే రాసేవాణ్ని. మనిషికి ఏదీ లేకపోతే, పూచీ ఇచ్చే మేనమామకు ఉన్నా చాలు.

నివేదిక గోప్యం. ఏడో సెక్షన్ ఆ మాట అంటుంది. ప్రాసిక్యూటర్ అడిగినా, ముద్దాయి వకీలు అడిగినా చూపించకు, సీలు వేసిన కవరులో కోర్టుకే ఇవ్వు. అయితే కోర్టు అవసరమనుకుంటే అందులోని సారాంశాన్ని ముద్దాయికి చెప్పి, దానికి సాక్ష్యం తెచ్చుకునే అవకాశం ఇవ్వవచ్చు. కాబట్టి ప్రతి వాక్యాన్నీ అతను రేపు వింటాడన్నట్టే రాయి. అతని ముఖం మీద చెప్పలేని మాట కాగితం మీద ఉండకూడదు.

వాళ్ల ఇంట్లో మంచినీళ్లు ఇస్తే తాగు. కొన్ని ఇళ్లలో మన ఉద్యోగులు నీళ్లు వద్దంటే దానికి వేరే అర్థం వస్తుంది, తరతరాలుగా వాళ్లు ఎరిగిన అర్థం అది. నీళ్లకు మించి టీ అయినా, పండ్లయినా, పండగ మిఠాయి అయినా వద్దని నవ్వుతూ చెప్పు.

ఉత్తర్వు ఇచ్చిన రోజున కోర్టులో ఉండు, ఎంత పని ఉన్నా సరే. విడుదల అనే మాట వినగానే ఆ మనిషి, అతని కుటుంబం సంబరంగా వరండాలోకి వస్తారు. "కేసు కొట్టేశారండీ" అంటారు. సగం ఇబ్బందులు ఆ ఒక్క మాటలోంచి పుడతాయి. షరతులు వివరించడం కోర్టు బాధ్యతే, ఉత్తర్వు నకలు దోషికి, పూచీదార్లకు, నీకు ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. కానీ హాలులో జనం, తరవాతి కేసు పిలుపు, చెవుల్లో హోరు, వాళ్లకు ఏమీ ఎక్కదు. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి మళ్లీ చెప్పు. నువ్వు దోషివని కోర్టు తేల్చింది, శిక్ష ఇంకా వేయలేదు, ఈ తేదీ దాకా ఈ షరతులు పాటిస్తే వేయదు, పాటించకపోతే పిలిచి వేస్తుంది. అంతే చెప్పి, అదే అతని మాటల్లో తిరిగి చెప్పమను. చెప్పలేకపోతే ఇంకోసారి చెప్పు. పూచీదారును కూడా పక్కన కూర్చోబెట్టు. బావమరిది రమ్మంటే వచ్చి సంతకం పెట్టిన మనిషికి, షరతు తప్పితే ఆ బాండు సొమ్ము తన మీద పడవచ్చని తెలియదు. తెలిస్తే అతనే నీకంటే జాగ్రత్తగా కనిపెట్టి ఉంటాడు.

తరవాత ఇంటి సందర్శనలు మొదలవుతాయి. మొదటి రెండు మూడు నెలలు తరచుగా వెళ్లు, నిలదొక్కుకున్నాడని తోచాక విరామం పెంచు. ప్రభుత్వ బోర్డు ఉన్న వాహనం వీధి మొదట్లో ఆపేసి నడిచి వెళ్లు. పని వేళల్లో పనిచేసే చోటుకు వెళ్లకు. యజమానికి కేసు సంగతి తెలియకపోతే, నీ నోటి నుంచి తెలియకూడదు. చెప్పాల్సిన అవసరమే వస్తే ముందు అతనితో మాట్లాడి, అతను ఒప్పుకున్నాకే చెప్పు. ఈ మధ్య వీడియో కాల్‌లో చూసి సందర్శన అయిందని రాసేస్తున్నారని విన్నాను. ఫోనులో కనిపించేది అతను చూపించే గోడ మాత్రమే. ఇంటికి వెళితే గుమ్మం దగ్గర చెప్పులు, పొయ్యి మీద ఏముంది, పిల్లవాడు బడికి వెళ్లాడా లేదా, భార్య నీ కళ్లలోకి చూసి మాట్లాడుతోందా లేదా అన్నీ తెలుస్తాయి.

కూర్చోగానే నేరం సంగతి ఎత్తకు. డబ్బు సంగతి అడుగు. ఈ వారం పని ఎన్ని రోజులు దొరికింది, ఎవరికెంత బాకీ, వడ్డీ ఎలా కడుతున్నాడు అని అడుగు. బాగా నడుస్తున్న మనిషి మళ్లీ తప్పటడుగు వేశాడంటే, వెనక చాలాసార్లు రోజువారీ వడ్డీయో, ఫోనులో తీసుకున్న యాప్ అప్పో కనిపించేది. అవసరమైనచోట తగిన పని వెతికిపెట్టడానికి ప్రయత్నించడం కూడా నీ విధి అని 14వ సెక్షన్ చెబుతోంది. ఆ వాక్యాన్ని అలంకారంగా తీసుకోకు. ఐటీఐ ప్రవేశాల తేదీలు, ఊళ్లోని వర్క్‌షాపులు, టైలరింగ్ యూనిట్లు, ఎలక్ట్రీషియన్లు నీకు కంఠతా ఉండాలి. చూసింది ఆ రోజే డైరీలో రాయి, మర్నాటికి వదిలితే జ్ఞాపకం దాన్ని సర్దేస్తుంది.

మీ అమ్మ బెంగ గురించి. తెలియని ఊరికి మొదటిసారి వెళ్లేటప్పుడు కార్యాలయంలో ఒకరిని తోడు తీసుకెళ్లు, పొద్దుండగా వెళ్లి పొద్దుండగా రా, ఎక్కడికి వెళుతున్నావో పుస్తకంలో రాసిపెట్టు. అంతకు మించి భయపడాల్సింది నాకు కనిపించలేదు. కోర్టు పంపిన మనిషి తమ గడపకు వచ్చాడంటే చాలా ఇళ్లలో గౌరవమే ఉంటుంది. పైగా నాకు లేని వీలు ఒకటి నీకు ఉంది. ఆ ఇళ్ల ఆడవాళ్లు నాతో గడప అవతలి నుంచి మాట్లాడేవాళ్లు. నిన్ను వంటింట్లోకి రానిస్తారు. తాగుడు, దెబ్బలు, తాకట్టు పెట్టిన పుస్తె, ఇవన్నీ అక్కడే బయటపడతాయి.

షరతుల్లో ఎక్కువగా గొడవ తెచ్చేవి రెండు, నివాసం, తాగుడు. మన జనం ఒకచోట ఉండి బతికేవాళ్లు కాదు. మిరప కోతలకు గుంటూరు వైపు, ఇటుక బట్టీలకు, పాలమూరు నుంచి పుణె, ముంబయి దాకా వెళతారు. ఫలానా ఊళ్లోనే ఉండాలని ఉత్తర్వులో ఉంటే, పని కోసం ఊరు దాటిన రోజున అతను షరతు తప్పినవాడవుతాడు. అందుకే సీజను ముందే అడిగి తెలుసుకో. ఎనిమిదో సెక్షన్ కింద షరతులు మార్చమని కోర్టును కోరవచ్చు. అతను వెళ్లకముందే నువ్వే దరఖాస్తు పెట్టు, వెళ్లాక పెడితే సంజాయిషీ అవుతుంది. ఏ మేస్త్రి వెంట వెళుతున్నాడు, ఎక్కడ దిగుతాడు, ఎప్పుడు తిరిగొస్తాడు అన్నవి అందులో ఉండాలి.

తాగుడు మానాలన్న షరతు రాయడం తేలిక. ఏళ్ల తరబడి అలవాటు పడ్డ శరీరం సంతకంతో మారదు. అలాంటి మనిషిని ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి నువ్వే తీసుకెళ్లు, చీటీ రాయించేదాకా ఉండు. మధ్యలో ఒకసారి తాగాడని తెలిస్తే, అతను చికిత్సకు వెళుతున్నాడా, ఇంట్లో గొడవ అయిందా, పని మానేశాడా అన్నవి కలిపి చూడు.

పోలీసులతో మర్యాదగా ఉండు, కానీ నువ్వు వాళ్ల మనిషివి కావు. అరెస్టు చేసే అధికారం ఈ చట్టం నీకు ఇవ్వలేదు, నీకు ఆ అవసరమూ లేదు. ఊళ్లో ఎక్కడ దొంగతనం జరిగినా ముందు నీ కుర్రాణ్ని స్టేషన్‌కు రమ్మంటారు. రోజంతా కూర్చోబెట్టి సాయంత్రం పంపుతారు, ఆ రోజు కూలి పోతుంది. ఇలా రెండుసార్లు జరిగితే యజమాని వద్దంటాడు. ఎస్సైని స్వయంగా కలిసి, ఈ మనిషి కోర్టు ఉత్తర్వుతో నా పర్యవేక్షణలో ఉన్నాడు, ఏదైనా కావాలంటే నాకూ తెలియజేయండి అని రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకో. నిజంగా ఆధారం ఉంటే వాళ్ల పని వాళ్లు చేస్తారు, నువ్వు అడ్డం నిలబడకు. నీ డైరీలోని సంగతులు మాత్రం స్టేషన్‌కు మోయకు. ఒక్కసారి మోశావని తెలిస్తే ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలో ఎవరూ నీతో నిజం చెప్పరు.

ఇక అన్నింటికంటే కష్టమైనది, షరతు తప్పాడని కోర్టుకు రాయడం. తొమ్మిదో సెక్షన్ కింద నీ నివేదిక మీద కోర్టు సమన్లో వారంటో పంపవచ్చు, విచారించి మొదటి నేరానికే శిక్ష వేయవచ్చు. అయితే తప్పడం మొదటిసారి అయితే, బాండును అలాగే కొనసాగిస్తూ 50 రూపాయలకు మించని జరిమానాతో వదిలేసే వీలు కూడా అక్కడే పెట్టారు. ఈ రోజుల్లో ఆ మొత్తం ఎంత చిన్నదో చూడకు. చట్టం రాసినవాళ్లే ఒక తప్పుకు చోటు ఉంచారని గమనించు. ఒక సందర్శనకు దొరకలేదని కోర్టుకు రాయకు, ఎందుకు దొరకలేదో తెలుసుకో. కానీ చిరునామా మార్చి దాక్కున్నా, బాధితులను బెదిరించినా, మళ్లీ నేరంలో దిగినా ఒక్కరోజు కూడా ఆగకు. జాలితో దాచిపెడితే రేపు ఇంకొకరికి హాని జరుగుతుంది, ఆ తరవాత నీ నివేదికలను ఏ మెజిస్ట్రేటూ నమ్మడు. ఏది జరిగినా తేదీతో, చూసినవాళ్ల మాటతో రాయి. ఏం చేయాలన్నది కోర్టు చూసుకుంటుంది.

బాధితులను మన శాఖలో చాలామంది మరిచిపోతారు, అది నాకు ఎప్పుడూ బాధగా ఉండేది. అయిదో సెక్షన్ కింద కోర్టు నష్టపరిహారం, ఖర్చులు కట్టమని చెప్పవచ్చు. కట్టేలా సలహా ఇచ్చి సాయపడటం నీ విధుల్లో ఉంది. కూలి మనిషి ఒకేసారి కట్టలేడు, వాయిదాలు కోరుతూ అర్జీ పెట్టించు. సొమ్ము ఎప్పుడూ నీ చేతికి తీసుకోకు, కోర్టులోనే కట్టించి రసీదు అతని దగ్గరే ఉంచమను. గట్టు తగాదాలో తల పగిలిన రైతు, తన ఎదుటే తిరుగుతున్న మనిషిని చూస్తూ రెండేళ్లు గడపాలి. ఆ డబ్బు సమయానికి అందితే ఆ రెండేళ్లు కొంచెం తేలికవుతాయి.

పిల్లల కేసులు వేరు, అవి బాలల న్యాయ చట్టం కింద జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళతాయి. సామాజిక విచారణ నివేదిక రెండు వారాల్లో ఇవ్వాలి. దాని గురించి విడిగా మాట్లాడుకుందాం, ఇక్కడ కలపను.

గడువు దగ్గర పడ్డాక పని అయిపోయిందనుకోకు. బాగా నిలదొక్కుకున్న మనిషిని చివరి రోజు దాకా పట్టి ఉంచాల్సిన అవసరం లేదు. ఇక పర్యవేక్షణ అక్కర్లేదని నీకు నిజంగా అనిపిస్తే ఎనిమిదో సెక్షన్ కింద ముందే విముక్తి కోరుతూ రాయి. కోర్టు ఒప్పుకుంటే బాండు రద్దవుతుంది. అలా రాయడానికి కొందరు భయపడతారు, రేపు ఏమైనా జరిగితే తమ మెడకు చుట్టుకుంటుందని. సద్బుద్ధితో చేసిన పనికి 16వ సెక్షన్ రక్షణ ఉంది, రాయి.

చివరిసారి కలిసినప్పుడు 12వ సెక్షన్ గురించి అతనికి తప్పక చెప్పు. మూడో, నాలుగో సెక్షన్ కింద విడుదలైన మనిషికి, ఆ దోషనిర్ధారణ వల్ల ఏ చట్టం కిందైనా వచ్చే అనర్హత తగలదు. తరవాత అసలు నేరానికి శిక్ష పడితే మాత్రం ఈ రక్షణ పోతుంది. కుర్రాళ్లు దీన్ని విని, ఇక ఏమీ జరగనట్టే అనుకుంటారు. ఉద్యోగానికి దరఖాస్తు చేస్తూ, మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా అన్న చోట లేదని రాస్తారు. పోలీసు విచారణలో కేసు బయటపడుతుంది, అప్పుడు నేరం కన్నా దాచినందుకే ఉద్యోగం పోతుంది. అప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్ల విషయంలో కూడా, ఆ ప్రవర్తన మీద శాఖ చర్య తీసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసి, 12వ సెక్షన్ చూపించి, ఉత్తర్వు నకలు జతచేయమని చెప్పు. సర్టిఫైడ్ నకలుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టించు. పదేళ్ల తరవాత రికార్డు గదిలో ఆ ఫైలు వెతకడం ఎంత కష్టమో నాకు తెలుసు. రెండు నకళ్లు తీసుకుని ఒకటి ఇంట్లో, ఒకటి పూచీ ఇచ్చిన మనిషి దగ్గర ఉంచమను.

మొదటి నివేదిక రాశాక సందేహాలు వస్తాయి, వెంటనే ఫోను చెయ్యి. ఏ వేళైనా ఫరవాలేదు, మీ పెద్దమ్మ కూడా ఏమీ అనుకోదు. మనిషి పేరు, ఊరు, కోర్టు పేరు మాత్రం నాకు కూడా చెప్పకు. నేరం ఏమిటో, వయసెంతో, ఇంట్లో ఎవరున్నారో చెబితే నాకు చాలు.

ఇట్లు,
మీ పెదనాన్న